నర్సింగ్‌కి ఏబీఎస్‌ఎన్, ఏడీఎన్, నేరుగా మాస్టర్స్: "ఏది తొందరగా అయిపోతుంది అక్కా?" అని అడిగిన చెల్లికి

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. నీకు 34 ఏళ్ళు, ఉండేది డల్లాస్ దగ్గర. జేఎన్‌టీయూ బీటెక్, హైదరాబాద్‌లో మూడేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం, తర్వాత పెళ్ళి, అమెరికా, ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి ఏడు, చిన్నదానికి మూడు. హెచ్‌4 (భర్త వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు ఉంది. మీవారి కంపెనీలో ఏడాదిలో రెండుసార్లు లేఆఫ్‌లు జరిగాయి, ఆ టెన్షన్‌లోనే నర్సింగ్ ఆలోచన వచ్చింది. ఒక ప్రైవేట్ కాలేజీ 16 నెలల ఏబీఎస్‌ఎన్‌లో (వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి కుదించిన నర్సింగ్ బ్యాచిలర్స్) సీటు ఇస్తామంటోంది, ఫీజు 80 వేల డాలర్ల పైచిలుకు, వారంలోగా డిపాజిట్ కట్టమని అడ్మిషన్ల ఆవిడ రోజూ ఫోన్ చేస్తోంది. స్నేహితురాలు నేరుగా మాస్టర్స్‌లో చేరమంటోంది, పక్కింటావిడ కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ (రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీ) చాలంటోంది. వీటిలో ఏది తొందరగా అయిపోతుందని అడిగావు.

ఈ వారం డిపాజిట్ కట్టకు. మిగతాది నిదానంగా చెప్తాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరులో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను, హైదరాబాద్‌లో ఐసీయూలో పనిచేశాను. 2005లో అమెరికా వాళ్ళు నర్సులకీ ఫిజికల్ థెరపిస్టులకీ 50 వేల వీసాలు ప్రత్యేకంగా పక్కన పెట్టారు, అవి 2006 చివరికల్లా అయిపోయాయి. ఆ తలుపు మూసుకునేలోపు వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పటినుంచి ఐసీయూలోనే ఉన్నాను. ఇక్కడికొచ్చాకే బీఎస్‌ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్), మాస్టర్స్ చేశాను. ఇప్పుడు వారంలో రెండు రోజులు ఏబీఎస్‌ఎన్ పిల్లలకి క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ, చెప్తాను. పిల్లలంటున్నాను గానీ వాళ్ళలో సగంమంది నీ వయసువాళ్ళే, కొందరు నీలాగే సాఫ్ట్‌వేర్ వదిలి వచ్చినవాళ్ళు. వాళ్ళలో గట్టెక్కినవాళ్ళనీ మధ్యలో ఆగిపోయినవాళ్ళనీ దగ్గరగా చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆగిపోయినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళ ఇంటి పరిస్థితికి ఆ వేగం సరిపోలేదు, అంతే.

వీసా సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే నీ ఆలోచన మొదలైంది అక్కడే. "ఆయన ఉద్యోగం పోతే నా ఉద్యోగమైనా ఉంటుంది" అని రాశావు. అమ్మా, హెచ్‌4 ఈఏడీ మీవారి హెచ్‌1 ఉద్యోగ వీసా మీద నిలబడింది. ఆయన స్టేటస్ పోతే నీ హెచ్‌4 పోతుంది, దానితోపాటే పని చేసే హక్కూ పోతుంది. నువ్వు ఎంత మంచి నర్సువైనా ఆసుపత్రి నిన్ను డ్యూటీలో ఉంచుకోలేదు. మామూలు రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) ఉద్యోగానికి హెచ్‌1 దొరకడం కూడా కష్టం, ఎందుకంటే ఆ ఉద్యోగానికి బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరి కాదు, రెండేళ్ళ ఏడీఎన్‌తోనూ చేయొచ్చు. నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ, రోగనిర్ధారణ చేసి మందులు రాసే నర్సు) స్థాయికి వెళ్తే అది మారుతుంది, దానికి మాస్టర్స్ తప్పనిసరి కాబట్టి హెచ్‌1కి దారి ఉంటుంది. ఇంకో మంచి సంగతి ఉంది. నర్సులు 'షెడ్యూల్ ఏ' అనే జాబితా కింద వస్తారు, అంటే ఆసుపత్రి పెర్మ్ (స్థానికులు దొరకలేదని నిరూపించే ప్రక్రియ) గొడవ లేకుండా నేరుగా నీ పేరు మీద ఐ-140 (గ్రీన్‌కార్డ్ పిటిషన్) వేయొచ్చు. కానీ క్యూ మాత్రం అదే ఇండియా ఈబీ-3 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డ్ కోటా) క్యూ. నీకంటూ ఒక ప్రయారిటీ డేట్ (క్యూలో నీ స్థానం చెప్పే తేదీ) వస్తుంది, అది ఆయన మీద ఆధారపడని డేట్, దాని విలువ దానికుంది. అయితే రేపటికి రేపు గ్రీన్‌కార్డ్ తెచ్చిపెట్టేది కాదు. 2025 అక్టోబర్ 30 నుంచి ఇంకో మార్పు వచ్చింది, ఆ తేదీ తర్వాత పెట్టిన ఈఏడీ రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కొత్త కార్డు చేతికి రాకముందే పాతది అయిపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే. కాబట్టి చదువు పూర్తయ్యే నెలా, నీ ఈఏడీ అయిపోయే నెలా పక్కపక్కన రాసుకుని చూడు. ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక అరగంట మాట్లాడు, ఆ ఫీజు దండగ కాదు.

ఇండియా నుంచి ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద ఇదే చదువుకి రావాలనుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి ఒక్క మాట. ఆర్‌ఎన్ డిగ్రీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ చదువుల) లెక్కలోకి రాదు, ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) 12 నెలలే. ఆ 12 నెలల్లోనే ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్స్ పరీక్ష) రాయాలి, లైసెన్స్ రావాలి, ఉద్యోగం దొరకాలి. ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి ఎన్‌క్లెక్స్ రాసి రావడం మీకు చాలా చవక.

ఇప్పుడు మూడు దారులు.

ఏబీఎస్‌ఎన్ అంటే వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి పెట్టిన బ్యాచిలర్స్ నర్సింగ్. నాలుగేళ్ళ కోర్సులో నర్సింగ్ భాగాన్ని 12 నుంచి 18 నెలల్లోకి కుదిస్తారు. డల్లాస్‌లోనే బేలర్ వాళ్ళది 12 నెలల కోర్సు ఉంది, యూటీ ఆర్లింగ్టన్‌లోనూ ఫోర్ట్‌వర్త్ టీసీయూలోనూ యాక్సిలరేటెడ్ కోర్సులున్నాయి. ఏడీఎన్ అంటే కమ్యూనిటీ కాలేజీలో ప్రీరిక్విజిట్స్ (చేరడానికి ముందు పూర్తిచేయాల్సిన సబ్జెక్టులు) అయ్యాక సుమారు రెండేళ్ళు. మీ వైపు డల్లాస్ కాలేజీ, కాలిన్ కాలేజీ రెండింటిలోనూ ఉంది, జిల్లా లోపల ఉండేవాళ్ళకి క్రెడిట్‌కి సుమారు నూరు డాలర్లో అంతకంటే తక్కువో ఉంటుంది. మూడోది డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్, అంటే వేరే డిగ్రీ ఉన్నవాళ్ళు నేరుగా నర్సింగ్ మాస్టర్స్‌లో చేరడం. జాన్స్ హాప్కిన్స్ లాంటి చోట బ్యాచిలర్స్ నర్సింగ్ ఆపేసి ఇప్పుడు ఇలాగే తీసుకుంటున్నారు.

ఈ మూడింట్లో ఏది చేసినా రాసే పరీక్ష ఒక్కటే, ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. వచ్చే లైసెన్స్ ఒక్కటే. మొదటిరోజు వార్డులో నీ బ్యాడ్జ్ మీద ఉండే రెండక్షరాలూ ఒక్కటే. ఈ సంగతి అడ్మిషన్ల వాళ్ళు పనిగట్టుకుని చెప్పరు. మాస్టర్స్ చేసి వచ్చినా అందులో ప్రాక్టీషనర్ ట్రాక్ లేకపోతే నువ్వు కొత్త ఆర్‌ఎన్‌వే, కొత్త ఆర్‌ఎన్ జీతమే. నీ స్నేహితురాలు "మాస్టర్స్ కదా, ఎన్‌పీ అయిపోతావు" అంటోందేమో, ఆ రెండూ వేరని ఆవిడకీ చెప్పు.

మరి తేడా ఎక్కడ? ఉద్యోగం దగ్గర కొంచెం ఉంది. పెద్ద ఆసుపత్రులు, ముఖ్యంగా మాగ్నెట్ అనే నర్సింగ్ నాణ్యత గుర్తింపు ఉన్నవి, బీఎస్‌ఎన్‌కి మొగ్గు చూపుతాయి. ఏడీఎన్‌తో తీసుకున్నా కొన్నేళ్ళలో బీఎస్‌ఎన్ పూర్తి చేయాలని రాయించుకుంటారు. న్యూయార్క్‌లో అయితే 2017 నుంచి చట్టమే ఉంది, పదేళ్ళలో బీఎస్‌ఎన్ చేసి తీరాలి. కానీ ఏడీఎన్ అయ్యాక ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్ ఆన్‌లైన్‌లో ఉద్యోగం చేసుకుంటూ చేయొచ్చు, యూటీ ఆర్లింగ్టన్ నుంచి వేలమంది అలాగే చేశారు, ఫీజు కొంత ఆసుపత్రే కట్టిన సందర్భాలు నాకు చాలా తెలుసు.

అసలు తేడా, నేను కళ్ళతో చూసేది, తప్పితే ఏమవుతుందన్న దగ్గర ఉంది.

నర్సింగ్ స్కూళ్ళలో పాస్ మార్కు మన దగ్గరిలాగా 40 కాదు. చాలాచోట్ల 75, కొన్నిచోట్ల 77 లేదా 78. 74.6 వస్తే దాన్ని 75 చేయరు, తప్పినట్టే. డోసు లెక్కల పరీక్షలో 90 శాతం రావాలి, కొన్నిచోట్ల నూటికి నూరూ రావాలి. ఒక సబ్జెక్టు తప్పితే మళ్ళీ ఆ సబ్జెక్టు పెట్టేదాకా ఆగాలి, రెండు తప్పితే బయటికే. మామూలు కోర్సులో ఒక పరీక్ష పాడైతే తేరుకోడానికి వారాలుంటాయి. యాక్సిలరేటెడ్‌లో ఒక్కో సబ్జెక్టు ఏడెనిమిది వారాల్లో అయిపోతుంది, మొదటి పరీక్షలో 68 వచ్చిందంటే రెండో పరీక్ష పదిరోజుల్లో ఉంటుంది. ఆ పదిరోజుల్లో చిన్నదానికి డేకేర్ నుంచి జ్వరం వచ్చిందనుకో, నీకూ అంటుకుందనుకో, క్లినికల్ ఒకరోజు పోయిందనుకో, ఇక తేరుకునే సందు ఉండదు. కట్టిన ఫీజు వెనక్కి రాదు, ఒక స్కూలు క్రెడిట్లు ఇంకో నర్సింగ్ స్కూలు దాదాపుగా తీసుకోదు. ఇలా మూడో టర్ములో 1.2 మార్కుల తేడాతో ఆగిపోయిన అమ్మాయి నా బ్యాచ్‌లో ఉంది. క్లినికల్‌లో తనే అందరికంటే బాగా చేసేది, పేషెంట్లు పేరుపెట్టి అడిగేవాళ్ళు. ఇంట్లో సాయం లేదు, భర్త వారంలో నాలుగు రోజులు ప్రయాణాల్లో ఉండేవాడు. అరవై వేల డాలర్లు కట్టి చేతిలో ఏ కాగితమూ లేకుండా వెళ్ళింది. రెండేళ్ళు ఆగి కమ్యూనిటీ కాలేజీలో మొదటినుంచి చేసి ఇప్పుడు నర్సుగా ఉంది, నాకు అదే సంతోషం, కానీ ఆ డబ్బు, ఆ రెండేళ్ళు తిరిగిరావు కదా.

కాబట్టి ఎన్ని నెలల్లో అవుతుందో తర్వాత చూద్దువుగాని. ఒక్క సబ్జెక్టూ తప్పకుండా ఒకేసారి దాటగలిగేది నీకు ఏ దారో, నీ పరిస్థితుల్లో నీకు అదే తొందర దారి.

దీన్ని తేల్చుకోడానికి నీ ఇంటి క్యాలెండర్ ముందు పెట్టుకో. క్లినికల్ రోజున 6:45కి ఆసుపత్రి ఫ్లోర్ మీద ఉండాలి, 12 గంటల షిఫ్ట్ అయితే బయటపడేసరికి సాయంత్రం 7:15 దాటుతుంది. డేకేర్ అంత పొద్దున్నే తెరుస్తారా? ఏ ఆసుపత్రి వేస్తారో స్కూలు చేతిలో ఉంటుంది, ఫ్రిస్కోలో ఉండేదాన్ని ఫోర్ట్‌వర్త్‌లో వేయొచ్చు, శనివారం వేయొచ్చు, రాత్రి షిఫ్ట్ వేయొచ్చు. మీవారు ఆఫీసుకి వెళ్ళాలా, ఇంటి నుంచి పనా? అమ్మగానీ అత్తయ్యగానీ వస్తారా? విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, నీ కోర్సు పదహారు నెలలు. అమ్మ ఆరు నెలలు, అత్తయ్య ఆరు నెలలు వచ్చి, మధ్యలో ఎండాకాలం పిల్లలకి క్యాంపు పెట్టి నడిపించిన ఇల్లు నాకు తెలుసు, ఆ అమ్మాయి బ్యాచ్‌లో రెండో ర్యాంకుతో బయటికొచ్చింది. అలాంటి ఏర్పాటు నీకు కుదిరితే ఏబీఎస్‌ఎన్ నిన్ను ఏమీ చేయలేదు, ధైర్యంగా వెళ్ళు. కుదరకపోతే ఏడీఎన్ కూడా బరువే కానీ, అదే చదువు రెండేళ్ళలో పరుచుకుని ఉంటుంది, ఒక సబ్జెక్టు తప్పినా పోయేది కొన్ని వందల డాలర్లు.

ఇప్పుడు స్కూలుని ఎలా చూడాలో. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి ఎక్కువ చెప్తాను.

నేను జీఎన్‌ఎంతో వచ్చాక బీఎస్‌ఎన్ చేద్దామని వెతికితే ఒక ఆన్‌లైన్ స్కూలు పది నెలల్లో ఇస్తామంది. రాత్రి డ్యూటీలు, ఇంట్లో పసిపిల్ల, పది నెలలనగానే ప్రాణం లేచొచ్చింది. "అక్రెడిటెడ్" అని వెబ్‌సైట్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ఎవరి అక్రెడిటేషన్ అని అడగాలని నాకు తెలియలేదు. డిగ్రీ వచ్చింది, ఫ్రేమ్ కట్టించాం, గుంటూరులో నాన్నకి ఫోటో పంపాను. మాస్టర్స్‌కి అప్లై చేసినప్పుడు మూడు యూనివర్సిటీలు ఒకే మాట చెప్పాయి, ఆ డిగ్రీకి నర్సింగ్ అక్రెడిటేషన్ లేదు, తీసుకోలేమని. రెండోసారి బీఎస్‌ఎన్ చేశాను. నాన్నకి ఆ సంగతి చెప్పలేదు.

అందుకే మూడు గుర్తింపులు విడివిడిగా చూడు. మొదటిది టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ అనుమతి, అది లేకపోతే ఎన్‌క్లెక్స్‌కే కూర్చోనివ్వరు. రెండోది నర్సింగ్ ప్రోగ్రామ్‌కి అక్రెడిటేషన్, అది సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్, ఎన్‌ఎల్‌ఎన్ వాళ్ళ సీఎన్‌ఈఏ, ఈ మూడింట్లో ఒకరిది అయి ఉండాలి. మూడోది మొత్తం కాలేజీకి ఉండే అక్రెడిటేషన్. ఈ మూడూ స్కూలు వెబ్‌సైట్‌లో చూడకు, ఆ సంస్థల సొంత జాబితాల్లో వెతుకు. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే ఇంకా రాలేదన్నమాట. నువ్వు చదువు పూర్తిచేసేనాటికి రాకపోతే రేపు ఎన్‌పీకి వెళ్ళాలన్నప్పుడు నాకైనట్టే అవుతుంది.

ఇంతకంటే ఘోరమైనవీ ఉన్నాయి. 2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ అని ఫెడరల్ వాళ్ళు బయటపెట్టిన కేసు చూసే ఉంటావు, ఫ్లోరిడాలో మూడు స్కూళ్ళ పేరుమీద 7,600 పైన దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మారు. వాటితో సుమారు 2,400 మంది ఎన్‌క్లెక్స్ పాసయ్యారు కూడా. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాల బోర్డులు లైసెన్సులు వెనక్కి తీసుకున్నాయి. క్లినికల్స్ అక్కర్లేదు, హాజరు అక్కర్లేదు, డబ్బు కడితే చాలని ఎవరైనా అంటే, అది మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చినా సరే, అక్కడినుంచి లేచిపో.

తర్వాత ఎన్‌క్లెక్స్ పాస్ శాతం. టెక్సాస్ బోర్డ్ ప్రతి స్కూలుదీ గత ఐదేళ్ళ లెక్క తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. మొదటిసారి రాసినవాళ్ళలో 80 శాతం పాసవ్వాలన్నది వాళ్ళ నియమం. ఏ ఏడాది లెక్కో చూసి పోల్చు, ఎందుకంటే అమెరికాలో చదివినవాళ్ళ జాతీయ సగటే 2022లో 80 శాతం దగ్గర ఉంది, 2023 ఏప్రిల్‌లో కొత్త తరహా పరీక్ష వచ్చాక 2024 నాటికి 91 శాతానికి వెళ్ళింది. 2022లో 84 అంటే మంచి స్కూలు, 2024లో 84 అంటే ఆలోచించాలి.

కానీ ఒక్క పాస్ శాతం చూసి మోసపోకు. చాలామంది అడగని ప్రశ్న ఇంకోటుంది. "ఈ బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, అదే బ్యాచ్‌తో ఎంతమంది సమయానికి బయటికొచ్చారు?" అరవై మంది చేరి ముప్పై ఆరుమందే పరీక్ష దాకా వెళ్ళి, వాళ్ళలో ముప్పై ఐదుమంది పాసైతే స్కూలు 97 శాతం అని బోర్డు పెట్టుకుంటుంది. మిగతా ఇరవైనాలుగు మంది ఎవరికీ కనపడరు. దీనికి తోడు కొన్నిచోట్ల చివర్లో ప్రిడిక్టర్ పరీక్ష, అంటే ఎన్‌క్లెక్స్ పాసవుతావో లేదో అంచనా వేసేది, పెడతారు, ఏటీఐదో హెసీదో. అన్ని సబ్జెక్టులూ పాసైనా అందులో వాళ్ళు పెట్టిన మార్కు రాకపోతే డిగ్రీ పూర్తయిందని బోర్డుకి రాయరు, నెలల తరబడి ఆపుతారు. చేరకముందే స్టూడెంట్ హ్యాండ్‌బుక్ అడుగు. పాస్ మార్కు ఎంత, ఎన్ని తప్పితే బయటికి పంపుతారు, ప్రిడిక్టర్ షరతు ఉందా, మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారు, ఈ నాలుగూ అందులో ఉంటాయి. హ్యాండ్‌బుక్ ఇవ్వడానికి తటపటాయించే స్కూల్లో చేరొద్దు.

క్లినికల్స్ గురించి ఇంకాస్త. మొన్నీమధ్య ఒక పొద్దున, రెండో టర్ము అమ్మాయి రూములోంచి పరుగున వచ్చింది, "ఆక్సిజన్ 84 చూపిస్తోంది, నాలుగు లీటర్లు పెట్టేయనా" అంటూ. నేను వెళ్ళేసరికి ఆ పెద్దావిడ మంచం మీద కూర్చుని టోస్ట్ తింటూ మనవరాలితో ఫోన్లో మాట్లాడుతోంది. పెదాలు మామూలు రంగులోనే ఉన్నాయి, ఆయాసం లేదు, మాట తెగడం లేదు. వేళ్ళు మాత్రం మంచుగడ్డల్లా ఉన్నాయి, పైగా గోళ్ళకి ముదురు రంగు. చెవికి పెట్టే ప్రోబ్ తెచ్చి పెట్టాం, 96. ఆ అమ్మాయి పుస్తకం బాగా చదివింది, 84 అంటే ప్రమాదమని తెలుసు. మనిషిని చూసి ఆ తర్వాత మిషను చూడటం మాత్రం మంచం పక్కన నిలబడితేనే వస్తుంది, నాకూ హైదరాబాద్ ఐసీయూలో ఒక సీనియర్ సిస్టర్ చేయి పట్టుకుని నేర్పితేనే వచ్చింది. కోర్సు ఎంత కుదించినా ఇది కుదించగలిగేది కాదు.

అందుకని అడుగు: క్లినికల్ గంటల్లో పేషెంట్ల దగ్గర ఎన్ని, సిమ్యులేషన్ ల్యాబ్‌లో (పేషెంట్‌లాంటి బొమ్మల మీద) ఎన్ని? సిమ్యులేషన్ చెడ్డదేమీ కాదు, 2014లో రాష్ట్రాల బోర్డుల జాతీయ కౌన్సిల్ చేసిన అధ్యయనంలో సగం గంటల వరకు మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా ఫలితాలు తగ్గలేదు. అయితే "మంచి" అన్న మాట అక్కడ ముఖ్యం. ఒక్క టీచర్ కింద ఎంతమంది? ఎనిమిది మంది అయితే నేను ప్రతివాళ్ళ చేతినీ చూడగలను, పదిమంది దాటితే కొందరు మూలన నిలబడిపోతారు. ఆసుపత్రులతో ఒప్పందాలు స్కూలుకే ఉన్నాయా, లేక చివరి నిమిషంలో నర్సింగ్ హోముకి పంపుతారా? పిల్లల వార్డు, ప్రసూతి వార్డు నిజంగా చూపిస్తారా? "ఆన్‌లైన్ ఏబీఎస్‌ఎన్" అని రాసి ఉన్నా ల్యాబ్, క్లినికల్స్ మనిషి వెళ్ళి చేయాల్సినవే. ఇవన్నీ అడ్మిషన్ల ఆవిడని అడగకు, ఆవిడ పని సీట్లు నింపడం. ఇప్పుడు చివరి టర్ములో ఉన్న స్టూడెంట్ ఇద్దరితో మాట్లాడించమను. కుదరదంటే నువ్వే ఆ ఆసుపత్రి క్యాఫెటీరియాలో మధ్యాహ్నం కూర్చో, స్కూలు యూనిఫాం వేసుకున్నవాళ్ళు కనపడతారు, చక్కగా చెప్తారు.

ప్రీరిక్విజిట్స్ గురించి నువ్వు రాసిన దానిలో ఒకటి నన్ను ఆపింది. "ప్రీరిక్విజిట్స్ కూడా మేమే చెప్తాం" అన్నారన్నావు. అంటే అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంకా న్యూట్రిషన్, స్టాటిస్టిక్స్, డెవలప్‌మెంటల్ సైకాలజీ కూడా వాళ్ళ రేటుకే కట్టాలి. అవన్నీ కమ్యూనిటీ కాలేజీలో ఎన్నో రెట్లు తక్కువకి వస్తాయి. నీ బీటెక్‌ని వెస్ లాంటి సంస్థతో కోర్సు వారీగా ఇవాల్యుయేట్ చేయిస్తే మ్యాథ్స్ లాంటివి కొన్ని కలిసొస్తాయేమో గానీ బయాలజీ అంతా కొత్తగా చేయాల్సిందే. టెక్సాస్‌లో ఇంకో మెలిక ఉంది. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో బ్యాచిలర్స్ తీసుకోవాలంటే చట్టప్రకారం అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్లు, ప్రభుత్వం ఆరు క్రెడిట్లు ఉండాలి. ఇండియా డిగ్రీలో అవి ఉండవు. మన అమ్మాయిలు చాలామంది ఆఖరి క్షణంలో తెలుసుకుని ఒక సెమిస్టర్ ఆగారు. యూటీ ఆర్లింగ్టన్ లాంటిచోటికి వెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే లెక్కలో పెట్టుకో. సైన్సు సబ్జెక్టులకి ఐదేళ్ళనో ఏడేళ్ళనో గడువు కూడా ఉంటుంది, కాబట్టి చేశాక ఆలస్యం చేయకూడదు. టీస్ లేదా హెసీ ప్రవేశ పరీక్ష ఏ స్కూలుకి ఏదో చూసుకో, ఇంగ్లీష్ పరీక్ష అడుగుతారేమో కూడా.

డబ్బు సంగతి. హెచ్‌4 మీద ఫాఫ్సా (ప్రభుత్వ విద్యా సాయం) రాదు, ఫెడరల్ లోన్ రాదు. ప్రైవేట్ లోన్‌కి మామూలుగా సిటిజెనో గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళో సంతకం పెట్టాలి. ఉద్యోగం ఊగిసలాటలో ఉన్న ఇంట్లో 80 వేలు సొంతంగా పెట్టడం అంటే నాకే గుండె దడగా ఉంది. గ్రీన్‌కార్డ్ ఉండి మాస్టర్స్ ఆలోచిస్తున్నవాళ్ళు కూడా ఒకసారి చూసుకోండి, 2025 జూలై చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్ళకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు, గ్రాడ్యుయేట్ లోన్ ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లు దాటదు. ఇక జీతం. 2024 మే లెక్క ప్రకారం దేశం మొత్తం మీద ఆర్‌ఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు, కానీ అందులో నాలాంటి ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళూ, కాలిఫోర్నియావాళ్ళూ ఉన్నారు. కొత్తగా చేరేవాళ్ళకి అంతకంటే తక్కువే వస్తుంది, ఆ లెక్కతోనే బడ్జెట్ వేసుకో.

ఇంతా చెప్పి ఒకటి అడక్కపోతే తప్పు. ఈ పని నీకు ఇష్టమా? లేఆఫ్ భయంతో రావడం తప్పు కాదు, నేనూ ఇంటి అవసరం కోసమే నర్సింగ్‌లో చేరాను, తర్వాతే ప్రేమించాను. కానీ మలం, రక్తం, వాంతి, ఏడుపు, చావు, ఇవి రోజూ ఉంటాయి. "బీటెక్ చదివి బెడ్‌పాన్లు తీస్తావా" అని బంధువులు అంటారు, నాకు తెలిసిన ప్రతి తెలుగమ్మాయీ ఆ మాట పడింది. దానికి జవాబు నీ లోపల ఉండాలి. తెలుసుకోడానికి మార్గం ఉంది. టెక్సాస్‌లో నర్స్ ఎయిడ్ ట్రైనింగ్ నూరు గంటలు, కొన్ని వారాల్లో అయిపోతుంది. నీకు ఈఏడీ ఉంది కాబట్టి సర్టిఫికెట్ వచ్చాక వారాంతాల్లో ఆసుపత్రిలో చేయొచ్చు. మూడు నెలలు చేస్తే ఈ పని నీదో కాదో నీకే తెలుస్తుంది. పైగా ఏ స్కూలు అప్లికేషన్‌లో అయినా అది బలం, చాలాసార్లు అదే యూనిట్ మేనేజర్ తర్వాత ఉద్యోగమూ ఇస్తుంది.

నీ చోట నేనుంటే ఏం చేస్తానో చెప్తాను. వచ్చే సెమిస్టర్‌లో కాలిన్‌లోనో డల్లాస్ కాలేజీలోనో అనాటమీ ఫిజియాలజీ మొదటి భాగం తీసుకుంటాను, ల్యాబ్‌తో, క్లాసుకి వెళ్ళి చదివేది. పిల్లలతో, వంటతో, మీవారి ఆఫీసుతో ఆ ఒక్క సబ్జెక్టులో ఏ గ్రేడ్ వచ్చిందో అదే నీకు అన్నిటికంటే నిజమైన సమాధానం. 'ఏ' (A) వస్తే, అమ్మావాళ్ళు వచ్చే ఏర్పాటు కూడా కుదిరితే, మిగతా ప్రీరిక్విజిట్స్ అక్కడే పూర్తిచేసి, చరిత్ర, ప్రభుత్వం కూడా కలిపి, ప్రభుత్వ యూనివర్సిటీ యాక్సిలరేటెడ్ కోర్సుకి అప్లై చేస్తాను. 'బీ' (B) వచ్చి ఇంట్లో అందరూ నలిగిపోయారనిపిస్తే ఏడీఎన్‌కి వెళ్తాను, ఆ ప్రీరిక్విజిట్సే అక్కడా పనికొస్తాయి, ఏదీ వృథా కాదు. డైరెక్ట్ మాస్టర్స్ నీకు ఇప్పుడు వద్దు. రెండేళ్ళు వార్డులో పనిచేశాక ఎన్‌పీ కావాలనిపిస్తే అప్పుడు వెళ్దువు, ఎన్‌పీ స్కూళ్ళు ఇప్పుడు కనీసం 750 గంటల క్లినికల్ చేయించాలి, దానికి ప్రిసెప్టర్‌ని (పక్కనుండి పని నేర్పే సీనియర్‌ని) స్కూలు చూపిస్తుందా, నువ్వే వెతుక్కోవాలా అన్నది అప్పటి ప్రశ్న.

ఇంకొక చిన్నది, మరిచిపోతానేమో. ఏ స్కూల్లో చేరినా టీబీ పరీక్ష అడుగుతారు. మనకి చిన్నప్పుడు బీసీజీ వేశారు కదా, చర్మం మీద చేసే పరీక్ష పొంగే అవకాశం ఉంది, దాంతో ఎక్స్‌రేలు, హెల్త్ డిపార్ట్‌మెంట్ అంటూ క్లినికల్స్ మొదలయ్యే వారం గందరగోళం అవుతుంది. ముందే క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష చేయించమని అడుగు. హెపటైటిస్ బి మూడు డోసులకి ఆరు నెలలు పట్టొచ్చు, అది కూడా ఇప్పుడే మొదలుపెట్టు.

మీవారు ఇంటి నుంచి పనా ఆఫీసుకా, నీ ఈఏడీ ఎప్పటిదాకా ఉంది, ఆ ప్రైవేట్ స్కూలు హ్యాండ్‌బుక్‌లో పాస్ మార్కు, ప్రిడిక్టర్ షరతు ఏమని ఉన్నాయి, ఈ మూడూ రాయి. చూసి చెప్తాను. అడ్మిషన్ల ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే, గత రెండు బ్యాచ్‌ల్లో చేరినవాళ్ళెందరో సమయానికి పూర్తిచేసినవాళ్ళెందరో ఈమెయిల్లో పంపమను.